అల్లుడిగారి ఇంజెక్టర్లు

నురగమ్మకు అసలు పేరు వేరే ఉంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఆ బిల్లు ఇచ్చేవాడు కూడా వీధి మొదట్లో నిలబడి "నురగమ్మగారి కొట్టు ఎటండీ?" అనే అడుగుతాడు. పేరు పెట్టింది మెకానిక్కులు. ఎవరికైనా పేరు పెట్టాలంటే మెకానిక్కులు చేతిలో ఉన్న పని సైతం పక్కన పడేస్తారు. మొదట్లో ఆవిడ రెండు నెలలు మొహం గంటు పెట్టుకుని తిరిగింది. మూడో నెలలో తనే ఫోనెత్తి "నురగమ్మని మాట్లాడుతున్నాను" అంది.

ఆవిడ పని కార్ల ఇంజెక్టర్లను కడిగి, కొలిచి, సమానమైనవి చూసి జత కలపడం. ఇంజెక్టర్ బొటనవేలంత ఉంటుంది. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ముక్కు అనుకోండి. కరెంటు అందితే తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది. కారు నడుస్తున్నంతసేపూ సెకనుకి కొన్ని పదులసార్లు దానికి ఇదే పని. నాలుగు సిలిండర్లుంటే నాలుగు ఇంజెక్టర్లు. నాలుగూ సమానంగా చిమ్మితే ఇంజన్ హాయిగా నడుస్తుంది. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అయితే దగ్గుతుంది, తుమ్ముతుంది, ఎర్రలైటు దగ్గర పదిమందిలో పరువు తీస్తుంది. మరీ తక్కువ పడిన చోట వేడెక్కి పిస్టన్‌కి చిల్లు పడుతుంది.

కొట్టంటే ఒక్కటే గది, పొడవు పన్నెండడుగులు, వెడల్పు ఏడు. ఒక గోడకి ఆనించి బీరువా అంత యంత్రం, దాని ముందు వరసగా ఆరు గాజుగొట్టాలు, వాటి వెనక తెల్లటి దీపం. ఇంజెక్టర్లను పైన బిగించి మీట నొక్కితే అవి పెట్రోలు బదులు వాడే పల్చటి నూనెని గొట్టాల్లోకి చిమ్ముతాయి. గొట్టాల మీద గీతలుంటాయి, ఏది ఎంత చిమ్మిందో చదువుకోవచ్చు. ఇక్కడే తిరకాసు. చిమ్మిన నూనె మీద వేలెడంత నురగ లేస్తుంది. ఆత్రగాళ్లు ఆ నురగ మీది గీత చదివేసి "చూశారా, బ్రహ్మాండంగా ఉంది" అంటారు. పాలవాడు గిన్నెలోకి ఎత్తునుంచి పోసి లీటరు పూర్తయిందన్నట్టు. ఆవిడ మాత్రం చేతులు కట్టుకుని నిలబడి "నురగ అణగనివ్వండి" అంటుంది. రోజుకి ముప్పైసార్లంటుంది. మరి మెకానిక్కులు ఊరుకుంటారా?

ఈ విద్య ఆవిడకి ఇంట్లో అబ్బలేదు. ఇరవై అయిదేళ్ల కిందట ఆవిడ పక్క గదిలోని మందుల కొట్లో సిరప్పులు కొలిచి సీసాల్లో పోసేది. ఈ గదిలో కార్బొరేటర్లూ ఇంజెక్టర్లూ బాగుచేసే పెద్దాయనకి చూపు ఆనక గాజుగొట్టాల గీతలు అలుక్కుపోయేవి. గోడ మీద చేత్తో తట్టి "అమ్మాయీ, ఒక్కసారొచ్చి ఇదెంతో చదివిపెట్టవా?" అని పిలిచేవాడు. మొదట రోజుకొకసారి, తర్వాత పదిసార్లు. చివరికి మందుల కొట్టు యజమాని విసిగిపోయి, ఏ గదిలో ఉంటావో తేల్చుకోమన్నాడు. ఆవిడ తేల్చుకుంది. పెద్దాయన పోయేముందు యంత్రం ఆవిడకే అప్పగించాడు. "గీత అబద్ధం చెప్పదు, మనిషి చెప్తాడు. నువ్వు గీత పక్షాన ఉండు" అన్నాడట. ఆవిడ అలాగే ఉంది. ఆ ఉండటం వల్ల కొందరు గిరాకీలు పోయినా, పోయినవాళ్లలో సగం మంది ఇంజన్ పాడుచేసుకుని తిరిగొచ్చారు.

ప్రతి గిరాకీకీ ఆవిడ చిన్న చీటీ రాసిస్తుంది. అందులో రెండు వరసలు. మొదటిది నిండు లెక్క. అంటే ఇంజెక్టర్‌ని పూర్తిగా తెరిచి వదిలేస్తే అయిదు సెకన్లలో ఎంత పోస్తుంది. రెండోది చిటికె లెక్క. అంటే చిటికేసినంతసేపు తెరిచి మూసి, అలా మూడు వేలసార్లు చేస్తే ఎంత పోస్తుంది. కారు దౌడు తీసేటప్పుడు మొదటిది కావాలి, కారు నిలబడి ఉన్నప్పుడు రెండోది కావాలి. కుర్ర డ్రైవర్లందరూ మొదటి వరస చూసి మీసం మెలేస్తారు. నురగమ్మ మాత్రం రెండో వరస మీద వేలు పెట్టి, "ఇది చూశారా? మీరు తెచ్చింది చెత్త" అంటుంది. అంతే, కుండ బద్దలు కొట్టినట్టు. మర్యాద కోసం "చెత్తండీ" అంటుంది.

ఇంత ముక్కుసూటి మనిషి లోకంలో ఒక్కరి దగ్గర మాత్రం నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. ఆ ఒక్కరూ అల్లుడు.

దానికో కారణముంది. ఆవిడ తల్లి, తన అల్లుడు కూర్చుంటే ఎందుకు కూర్చున్నాడని, లేస్తే ఎందుకు లేచాడని వంక పెట్టేది. నురగమ్మ భర్త బడి బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు. ఆయన అయిదేళ్లు ఓర్చుకుని ఆరో ఏడు అత్తగారి గుమ్మం తొక్కడం మానేశాడు. నురగమ్మ పుట్టింటికి ఒంటరిగా వెళ్లి ఒంటరిగా తిరిగొచ్చేది. అప్పుడే ఒట్టు పెట్టుకుంది, తనకంటూ అల్లుడొస్తే పెదవి విప్పనని. రెండేళ్లుగా ఆ ఒట్టు నిలబెట్టుకుంటోంది. అల్లుడు ఎదురుగా కూర్చున్నా సరే, "అమ్మాయీ, మీ ఆయన్ని ఇంకొంచెం వడ్డించుకోమను" అని కూతురి మీదుగానే మాట్లాడుతుంది. కూతురు కళ్లజోళ్ల కొట్లో పని చేస్తుంది. "నేను ఇంట్లో కూడా మధ్యలో అద్దమేనా?" అని విసుక్కుంటుంది.

అల్లుడు కూడా కార్లవాడే. పెద్ద షోరూములో పదేళ్లు చేసి, కిందటి ఏడాది మానేసి సొంత షెడ్డు పెట్టాడు. మామూలు కారుని వేగం కారుగా మార్చడం అతని పని. షెడ్డు పేరు పదిమందికీ తెలియాలంటే ఒక కారు చేసి చూపించాలి కదా. అందుకని పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి తెచ్చి, ఇంజన్ మొత్తం విప్పి, దానికి గాలి కూరే టర్బో తగిలించి, ఎనిమిది నెలలు దానికి అంకితమైపోయాడు. ఊరి బయటి రేసు ట్రాక్ మీద ఒక ఆదివారం పోటీ ఉంది. ఒక్కో కారూ ఒంటరిగా పరుగెత్తాలి, గడియారంతోనే పోటీ. ఊళ్లోని కార్ల పిచ్చివాళ్లందరూ వస్తారు. కారు తలుపుల మీద షెడ్డు పేరు పెద్ద అక్షరాలతో రాయించాడు. అంత పేరు రాసుకున్న కారు అందరి ముందూ ఆగిపోతే, మర్నాటినుంచి ఆ షెడ్డుకి ఈగలు తప్ప ఎవరూ రారు.

పోటీకి రెండు వారాల ముందు అతను ఇంజెక్టర్ల పెట్టె పట్టుకుని స్వయంగా కొట్టుకి వచ్చాడు. నాలుగు పెద్ద ఇంజెక్టర్లు, ఒక్కొక్కటీ నిమిషానికి పదకొండు వందల సీసీలు పోసే రకం. అతని ఇంజన్‌కి అందులో సగం చాలు.

"నేనే ఎంచి తెచ్చానండీ అత్తయ్యగారూ," అన్నాడు. "ముందుముందు ఇంజన్ బలం ఇంకా పెంచుతాను కదా. అప్పుడు మళ్లీ మార్చక్కర్లేకుండా."

పెరిగే పిల్లాడని రెండు సైజులు పెద్ద చొక్కా కొన్నట్టుందని ఆవిడకి అనిపించింది. ఇదే మాట వేరే గిరాకీ అని ఉంటే అప్పటికప్పుడు అనేసేది కూడా. "పెట్టి వెళ్లమను," అంది గోడ వైపు చూస్తూ. కూతురు అక్కడ లేదన్న సంగతి ఇద్దరికీ తెలిసినా ఎవరూ పైకి అనలేదు.

ఆ సాయంత్రం ఆవిడ వాటిని యంత్రానికి బిగించింది. నిండు లెక్క ముచ్చటగా వచ్చింది. తొంభై రెండు, తొంభై రెండు, తొంభై ఒకటి, తొంభై రెండు. చిటికె లెక్క వేసింది. నురగ అణిగేదాకా ఆగి చదివింది. ముప్పై మూడు, ఇరవై ఆరు, ముప్పై ఎనిమిది, ముప్పై ఒకటి. తన కళ్లని నమ్మలేక మళ్లీ వేసింది. మళ్లీ అవే అంకెలు. కారు దౌడు తీసినంతసేపూ ఈ నాలుగూ అన్నదమ్ములు, నిలబడేసరికి ఎవరి దారి వారిది. ఆవిడ రెండు వరసలూ తన పుస్తకంలో ఎక్కించింది.

మర్నాడు అల్లుడొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఎలా ఉన్నాయండీ?" అన్నాడు. ఆవిడకి నాలుక చివరిదాకా వచ్చిన మాట వెనక్కి పోయింది. తల్లి కనిపించింది, గుమ్మం తొక్కని భర్త కనిపించాడు. చీటీ మీద మొదటి వరస రాసి, రెండో వరస దగ్గర కలం ఆపి, అక్కడికి చీటీ చింపి ఇచ్చేసింది.

"బాగానే ఉన్నాయి," అంది.

అబద్ధమా అంటే కాదు. నిజమా అంటే, సగం. పాతికేళ్ల సర్వీసులో ఆవిడ సగం చీటీ ఇవ్వడం అదే మొదటిసారి. అల్లుడు దాన్ని జేబులో పెట్టుకుని ఈల వేసుకుంటూ వెళ్లాడు. అతనే చూసుకుంటాడులే, నిలబడ్డప్పుడు కాస్త దగ్గితే తనే కనిపెడతాడులే అని ఆవిడ సర్దిచెప్పుకుంది. మనం తప్పు చేసినప్పుడు ఎదుటివాళ్ల తెలివితేటల మీద మనకి అపారమైన నమ్మకం పుడుతుంది.

పోటీ ఆదివారమనగా గురువారం మధ్యాహ్నం కూతురు భోజనం డబ్బాతో కొట్టుకి వచ్చింది. డబ్బా మూత కూడా తీయలేదు.

"ఏంటే, అలా ఉన్నావు?"

"ఆయన నాలుగు రోజులుగా సరిగ్గా తినట్లేదమ్మా. కారు పరుగెత్తుతోందిట, నిలబడట్లేదుట. స్టార్ట్ చేసి వదిలేస్తే ఊగిపోయి ఆగిపోతోంది. ఒక సిలిండర్ ప్లగ్గు నల్లగా మసి పట్టేసింది, ఇంకోటి తెల్లగా పాలిపోయింది. ప్లగ్గులు మూడుసార్లు మార్చారు. వైర్లు మార్చారు. కంప్యూటర్‌లో లెక్కలన్నీ మొదటినుంచి రాసుకున్నారు."

నురగమ్మ కలం కింద పెట్టింది. "ఇంజెక్టర్లు విప్పి చూడలేదా?"

"నేనూ అదే అడిగాను. 'వాటి జోలికెళ్లక్కర్లేదు, అత్తయ్యగారు చూశారుగా' అన్నారు. నేను రెట్టించి అడిగితే కోప్పడ్డారు కూడా. మీ అమ్మ బాగున్నాయందంటే బాగున్నట్టే అన్నారు."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తన మాట మీద గురితో అతను అసలు తప్పున్న చోటు తప్ప ఇంజన్ అంతా వెతుకుతున్నాడు. నమ్మకం సంపాదించడానికి పాతికేళ్లు పట్టింది, దాన్ని అతనికే అడ్డంగా పెట్టడానికి చిన్న చీటీ చాలింది.

"ఇప్పుడేం చేస్తాడట?"

"నిలబడ్డప్పుడు పెట్రోలు మొత్తంగా పెంచేస్తారట. ఎలాగోలా ఆదివారం గడిస్తే చాలంటున్నారు."

అలా పెంచితే ఏమవుతుందో ఆవిడకి కళ్లకి కట్టింది. మసి పట్టిన సిలిండర్‌లోకి ఇంకా పెట్రోలు పోయి, గోడలకున్న నూనెని కడిగేస్తుంది. నూనె లేని గోడల్ని పిస్టన్ గీకేస్తుంది. ఎనిమిది నెలల కష్టం ఆదివారం పూట పదిమంది ముందూ పొగైపోతుంది. ఆవిడ కూతురికి జరిగిందంతా చెప్పేసింది. కూతురు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసి, తల్లి వంక చూసింది.

"నువ్వా, అమ్మా?"

"నేనే."

"వీధి వీధంతా నీ నోటికి భయపడుతుందే!"

"అందుకేగా," అంది నురగమ్మ దిగులుగా.

ఆ రోజు ఇంటికెళ్లి భర్తకి చెప్పుకుంది. ఆయన బూట్లు విప్పుకుంటూ విన్నాడు. "నా డ్రైవింగ్ గురించి ముప్పై ఏళ్లుగా రోజుకి రెండుసార్లు చెప్తున్నావు. నాకేమైనా అయిందా?" అన్నాడు. "మీ అమ్మ వంకలు పెట్టింది నా ముక్కుకి, నా నడకకి. నువ్వు పెట్టాల్సింది ఇంజెక్టర్లకి. రెండూ ఒకటేనా?" ఆయన రెండో బూటు విప్పేలోపే ఆవిడ సగం తేలికపడింది. మిగతా సగం షెడ్డుకి వెళ్తేగానీ తేలికపడదు. అయితే వట్టి చేతులతో వెళ్లి ఏం లాభం?

కొట్లో పాత మందుల కొట్టు నాటి సొరుగుల బల్ల ఉంది. ఒక సొరుగులో, తుక్కుకి పోయిన టర్బో కార్ల నుంచి తీసిన కంపెనీ ఇంజెక్టర్లు పంతొమ్మిది ఉన్నాయి. అన్నీ నిమిషానికి అయిదు వందల అరవై సీసీల రకం. శుక్రవారం కూతురు సెలవు పెట్టి వచ్చింది. తల్లీకూతుళ్లు వాటిని తొట్టెలో కడిగారు, లోపలి జల్లెళ్లూ రబ్బరు చుట్టలూ కొత్తవి వేశారు. ఆరేసి చొప్పున యంత్రానికి ఎక్కించి కొలిచారు. కూతురు గీతలు చదువుతుంటే తల్లి రాసుకుంది.

"నలభై తొమ్మిది."

"నురగ అణగనివ్వవే."

"అణిగింది."

"నీ కళ్లకి అణిగింది, గొట్టంలో అణగలేదు."

కూతురు పది లెక్కపెట్టి మళ్లీ వంగింది. "నలభై ఏడు," అంది చిన్నబోయి.

నిండు లెక్కలో పంతొమ్మిదికి పదిహేను పాసయ్యాయి. చిటికె లెక్కలో ఆ పదిహేనూ ఏడయ్యాయి. ఏడింటినీ సాయంత్రందాకా మార్చి మార్చి కొలిచి, ఒకటి మూసుకున్నాక కూడా చుక్క కారుస్తోందని, ఇంకోటి చిమ్మేటప్పుడు పక్కకి వంగుతోందని, మరోటి ఎందుకో మనసుకి నచ్చలేదని తీసేశారు. నాలుగు మిగిలాయి. ముప్పై, ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై. ఎంతో మంది కొడుకుల్లో ఒకే మాట మీదుండే నలుగురిని ఏరినట్టయింది. ఎక్కువ పోసేవాటిని ఎవరైనా ఏరగలరు. కొంచెమే పోయమంటే సరిగ్గా కొంచెమే పోసేవి దొరకడం కష్టమని ఆవిడ కూతురికి చెప్పింది. కూతురు ఆవలిస్తూ విన్నది.

శనివారం పొద్దున్నే ఇద్దరూ ఆ నాలుగూ పట్టుకుని షెడ్డుకెళ్లారు. రేకుల కప్పు, నేలంతా గచ్చు, గోడకి కొలతల ప్రకారం వేలాడదీసిన పానాలు. మధ్యలో ఎర్ర కారు, బానెట్ లేచి ఉంది. అల్లుడు సగం ఇంజన్‌లో ఉన్నాడు. గడ్డం మాసిపోయి, కళ్లు లోపలికి పోయాయి. అత్తగారిని చూసి ఉలిక్కిపడి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"అమ్మాయీ," అంది నురగమ్మ అలవాటు కొద్దీ, "మీ ఆయనకి చెప్పు..."

కూతురు కదల్లేదు. చేతులు కట్టుకుని పాత టైరు మీద కూర్చుంది. ఇక దారి లేక నురగమ్మ అల్లుడి వైపు తిరిగింది.

"అల్లుడుగారూ, మీతోనే చెప్తాను. తప్పు మీ ఇంజన్‌ది కాదు, కంప్యూటర్‌ది కాదు. ఇంజెక్టర్లది. నాకు రెండు వారాల కిందటే తెలుసు. మీరు బాధపడతారని సగమే చెప్పాను. ఇదిగో, మిగతా సగం."

పుస్తకం తెరిచి రెండో వరస చూపించింది. అతను చదివాడు. మళ్లీ చదివాడు. తెల్లగా పాలిపోయిన ప్లగ్గు ఉన్న సిలిండర్‌కి ఎదురుగా ఇరవై ఆరు, మసి పట్టినదానికి ముప్పై ఎనిమిది. పుస్తకం మూసి ఆవిడకి ఇచ్చాడు.

"ఆరు రోజులండీ," అన్నాడు. "కంప్యూటర్‌ని తిట్టాను. ప్లగ్గులమ్మినవాణ్ణి తిట్టాను. నిన్నయితే షోరూము ఉద్యోగం మానేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను, నాకీ పని రాదేమోనని."

"నన్ను తిట్టాల్సింది," అంది ఆవిడ. "మీకు పని వచ్చు. మీరు చేసిన ఇంజన్‌లో నాకు ఒక్క వంక కనపడలేదు. మా అమ్మలాగా వంకలు పెట్టే అత్తగారిని కాకూడదని నోరు కట్టేసుకున్నాను. కట్టేసుకోకూడని చోట కట్టేసుకున్నాను. క్షమించండి."

అతను తల పక్కకి తిప్పుకున్నాడు. పానం తీసి, దాన్ని తుడిచి, మళ్లీ పెట్టాడు. కోపం రాలేదని చెప్పలేం, వచ్చింది, అది చెవుల్లో ఎర్రగా కనపడింది కూడా. అయితే అతను కార్లవాడు. ఎదురుగా సరికొత్తగా మెరుస్తున్న నాలుగు ఇంజెక్టర్లుంటే కార్లవాడికి ఎంతసేపని కోపం నిలుస్తుంది? "అవేంటి?" అన్నాడు.

"అయిదు వందల అరవైవి."

"చిన్నవి కదండీ. పైన చాలవు."

"చాలుతాయి," అంది ఆవిడ. అలా కొట్టిపడేసినట్టు అనడం అల్లుడితో ఇదే మొదటిసారి. పక్కనున్న అట్టముక్క తీసుకుని లెక్క వేసింది. "మీ ఇంజన్ ఎంత? రెండు వందల ఎనభై హార్స్‌పవర్. టర్బో ఇంజన్ కాబట్టి ఒక్కో హార్స్‌పవర్‌కి నిమిషానికి ఆరుంపావు సీసీలు తాగుతుందనుకోండి. మొత్తం పదిహేడు వందల యాభై. నాలుగో వంతు నాలుగు వందల నలభై. ఇంజెక్టర్‌ని నూటికి ఎనభై పాళ్లు మించి తెరిచి ఉంచకూడదు, దానికీ ఊపిరాడాలి. అంటే అయిదు వందల యాభై. నావి అయిదు వందల అరవై."

"వచ్చే ఏడాది బలం పెంచుతాను కదండీ."

"వచ్చే ఏడాది ఇంజన్‌కి వచ్చే ఏడాది కొందాం."

"పెద్దవన్నీ చెడ్డవా? అందరూ వాడుతున్నారు."

"మంచి పెద్దవి ఉన్నాయి. మీరు తెచ్చినవి అవి కావు. మీరు తెచ్చింది చెత్త." ఒక్క క్షణం ఆగింది. "చెత్తండీ," అని సర్దింది.

టైరు మీద కూర్చున్న కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అల్లుడు అట్టముక్క లాక్కుని లెక్క మళ్లీ వేశాడు. ఒకచోట ఆవిడ గుండుసున్న చేసిన చిల్లర పట్టుకుని వాదించాడు. ఆవిడ ఎదురు వాదించింది. గంటసేపు ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వకుండా మాట్లాడుకున్నారు. రెండేళ్లలో మాట్లాడుకున్నదంతా కలిపినా అంత ఉండదు. మధ్యలో కూతురు ఏదో చెప్పబోతే "ఉండు" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

మధ్యాహ్నానికి పాతవి ఊడాయి, ఇవి ఎక్కాయి. ఆవిడ తన పుస్తకంలోంచి అంకెలు చదివితే అతను కంప్యూటర్‌లో కొట్టాడు. తాళం తిప్పాడు. ఇంజన్ అంటుకుని, ఒక్కసారి లేచి, కిందికి దిగి, అక్కడే నిలబడింది. ఊగలేదు, ఆగలేదు. ముగ్గురూ అయిదు నిమిషాలు దాన్ని అలా చూస్తూ నిలబడిపోయారు. తర్వాత కారుని బలం కొలిచే రోలర్ల మీదకెక్కించి పూర్తిగా తొక్కి చూశారు. రెండు వందల ఎనభై నాలుగు వచ్చింది. పైన కూడా పెట్రోలు చాలింది.

ఆదివారం ట్రాక్ దగ్గర ఎండ బాగా కాసింది. కార్లు వరసగా నిలబడ్డాయి. ముందున్న కారు మలుపులో జారి ఇసుకలో కూరుకుపోయింది, దాన్ని లాగేదాకా అందరూ ఆగాలన్నారు. పావుగంట. చుట్టూ గొప్ప గొప్ప కార్లు బుసలు కొడుతున్నాయి, కొన్ని ఆగిపోతున్నాయి, వాటి వెంట మనుషులు కాలు కాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. ఎర్ర కారు మాత్రం తలుపుల మీద పేరు పెట్టుకుని నింపాదిగా ఉంది. పక్క షెడ్డు మెకానిక్ ఒకడు వచ్చి చెవి దగ్గరపెట్టి విని, "ఇదేంటి, ఇంట్లో కారులా నిలబడింది!" అన్నాడు. నురగమ్మ వేరే ఎటో చూస్తున్నట్టు నటించింది. సంతోషం ఆపుకోలేక పమిట కొంగుతో మొహం రెండుసార్లు తుడుచుకుంది.

ఎట్టకేలకు జెండావాడు పిలిచాడు. అల్లుడు హెల్మెట్ పెట్టుకుని, కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అత్తయ్యా," అన్నాడు. 'గారు' ఎక్కడ పోయిందో. "ఇంకేమైనా దాచారా? ఉంటే ఇప్పుడే చెప్పేయండి."

ఆవిడ ఆలోచించింది. అబద్ధమాడే ఓపిక ఆవిడకి ఇక లేదు.

"ఉంది," అంది. "మీరు పెట్టే టీ నాకు నచ్చదు. రెండేళ్లుగా తాగుతున్నాను."

హెల్మెట్ లోపల ఏం జరిగిందో కనపడలేదు గానీ భుజాలు ఊగిపోయాయి. జెండా దిగింది. కారు నవ్వుకుంటున్న మనిషిని మోసుకుని వెళ్లిపోయింది. మొదటి మలుపు, రెండో మలుపు, ఇసుక మలుపు దాటి, పొడుగు దారిలో ఎర్ర గీతైపోయింది. ఆవిడ కళ్లు మూసుకుని శబ్దం వింది. నాలుగు సిలిండర్లూ ఒకే గొంతుతో పలుకుతున్నాయి.

తన తరగతిలో పదకొండు కార్లలో మూడోది. మొదటి రెండూ అంతకు రెట్టింపు బలమున్నవి. చుట్టూ చేరిన జనం అప్పుడే షెడ్డు ఎక్కడని అడగడం మొదలుపెట్టారు. అల్లుడు వాళ్లందరినీ తప్పించుకుని, భార్యని కూడా దాటుకుని, తిన్నగా అత్తగారి దగ్గరికొచ్చి హెల్మెట్ తీశాడు.

"టీలో ఏం తప్పు?"

"చక్కెర ఒకటిన్నర చెంచా ఎక్కువ. ఆకు ఉడకనివ్వరు. పాలు ముందే పోసేస్తారు."

అతను బుద్ధిగా తలూపాడు, అంకెలు రాసుకునేవాడిలా. "రెండేళ్లు ఎలా తాగారండీ?"

"చల్లారనిచ్చి, ఒక్క గుక్కలో."

కూతురికి నవ్వాగక తల్లి భుజం పట్టుకుంది. నవ్వంతా అయ్యాక కళ్లు తుడుచుకుని, హుషారుగా ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. "బాగుంది, ఇకమీదట ఇంట్లో అన్నీ నిజాలేనన్నమాట. అయితే ఇద్దరూ ఉన్నారు కదా, ఇప్పుడే చెప్పండి. నా వంట ఎలా ఉంటుంది?"

నురగమ్మ అల్లుడి వంక చూసింది. అల్లుడు అత్తగారి వంక చూశాడు. తర్వాత ఇద్దరూ కలిసి కారు ముందు టైరు వైపు వంగి, దాన్ని చాలా శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టారు.